అమ్మింది ఇల్లా, గోడలా?

ఆమధ్య కొండాపూర్‌లో ఒక రీసేలు ఫ్లాటు కొన్నాం. రిజిస్ట్రేషను శుక్రవారం అయింది, సాయంత్రానికి తాళాలు చేతికొచ్చాయి. శనివారం పొద్దున్నే పాలు పొంగిద్దామని అమ్మా నాన్నా ఊర్నించి వచ్చేశారు. తలుపు తీసి స్విచ్చి వేస్తే లైటు వెలగలేదు. కరెంటు పోయిందేమో అనుకున్నా. కరెంటు ఉంది, బల్బే లేదు. హోల్డరూ లేదు. హాల్లో ఫ్యాను ఉండాల్సిన చోట కొక్కెం, దాని పక్కన రెండు వైర్లు వేలాడుతున్నాయి. బాత్రూముల్లో గీజర్లు లేవు. బాల్కనీకి ఉండే దోమల తలుపు లేదు. వంటింట్లో చిమ్నీ పోయి గోడకి కన్నం మిగిలింది. గ్రానైటులో బిగించిన స్టవ్వు కూడా లేదు! చివరికి పక్క ఫ్లాటు వాళ్ళనడిగి ఒక ఇండక్షన్ స్టవ్వు తెచ్చి పాలు పొంగించాం. అమ్మ ఏమీ అనలేదు గానీ మొహంలో తెలిసిపోయింది.

పాత ఓనరు గారికి ఫోను చేశా. ఆయన ఏమాత్రం తడబడకుండా "అవన్నీ మేం కొనుక్కున్నవండీ. మీకు ఫ్లాటు అమ్మాం గానీ సామాను కాదు కదా" అన్నారు. "మరి మెయిన్ డోరు కూడా మీరు కొన్నదేగా, దాన్నెందుకు వదిలేశారు?" అని నోటిదాకా వచ్చింది, మింగేశా. ఎందుకంటే ఆయన నాకేం అబద్ధం చెప్పలేదు. మూడుసార్లు ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు అవన్నీ అక్కడే ఉన్నాయి. అవి ఉంటాయని ఆయన అనలేదు, ఉంటాయా అని నేనడగలేదు. ఆఫీసులో ప్రతి చిన్నదానికీ రిక్వైర్మెంట్ డాక్యుమెంటు అడిగే నేను, జీవితంలో అతి పెద్ద కొనుగోలుకి మాత్రం "అర్థం చేసుకుంటారులే" అని వదిలేశా.

సరే, అసలు చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నా. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. అందులో 8వ సెక్షను చదివి ఆశ్చర్యపోయా. ఇల్లు అమ్మితే దాంతోపాటు తాళాలు, తాళంచెవులు, గడియలు, తలుపులు, కిటికీలు, ఇంటితోపాటు శాశ్వతంగా వాడుకోడానికి ఏర్పాటు చేసిన మిగతా వస్తువులన్నీ కొన్నవాడికే చెందుతాయట. వేరేగా అనుకుంటే తప్ప. అంటే డిఫాల్టు సెట్టింగు మనకి దాదాపు నూటయాభై ఏళ్ళ కిందటే ఉంది!

అయితే "శాశ్వతంగా వాడుకోడానికి" అంటే ఏంటి? స్క్రూ బిగించి ఉంటే చాలా? గోడకి తగిలించిన తాతగారి ఫోటోకి కూడా మేకు ఉంటుంది, అది కొన్నవాడికి పోదు కదా. ఇంగ్లండు కోర్టులు 1872లో హాలండ్ వర్సెస్ హాడ్జ్‌సన్ అనే కేసులో రెండు ప్రశ్నలు పెట్టుకున్నాయి. వస్తువు ఎంత గట్టిగా బిగించి ఉంది? ఎందుకోసం బిగించారు? 1996లో అక్కడి అప్పీలు కోర్టు ఒక ఫ్లాటు కేసులో వంటింటి అరలు, బాత్రూము కుళాయిలు ఇంటివేనంది. కార్పెట్లు, కర్టెన్లు, లైట్లు, ఫ్రిజ్ లాంటివి మాత్రం ఇంట్లో భాగం కావంది. మన చట్టంలో 3వ సెక్షను కూడా ఇంచుమించు ఇదే అంటుంది: గోడకి బిగించిన వస్తువు ఆ గోడ ఉన్న కట్టడాన్ని శాశ్వతంగా అనుభవించడానికి పనికొచ్చేదై ఉండాలి.

ఈ లెక్కన నా బల్బుల మీద నాకు హక్కు లేకపోవచ్చు. దోమల తలుపు మాత్రం తలుపే, దాన్ని తీసుకెళ్ళడం తప్పు. గ్రానైటు కోసి ఆ కన్నానికి సరిపోయేలా బిగించిన స్టవ్వూ ఇంటిదే అంటాను. ఏసీ అమ్మినవాళ్ళదే. గీజరు, ఫ్యాను? ఇక్కడే గొడవంతా. ఇద్దరు లాయర్లనడిగితే మూడు సమాధానాలొస్తాయి :)

"కోటి పెట్టి కొన్నవాడివి గీజరు కోసం ఏడుస్తావా" అంటారేమో. డబ్బు గురించి కాదండీ. ధర మాట్లాడుకునేటప్పుడు నా మనసులో ఉన్న ఇల్లూ, ఆయన మనసులో ఉన్న ఇల్లూ ఒకటి కాదు. అదే నా బాధ. ఇది కొనేవాళ్ళ సమస్య మాత్రమే కూడా కాదు. సోఫా, టీవీ కూడా వదిలేస్తారనుకుని చివర్లో పేచీ పెట్టే కొనుగోలుదార్లూ ఉన్నారు.

దీనికి మందు మా నాన్న దగ్గరే దొరికింది. తణుకు దగ్గర మా తాతయ్య ఇల్లు అమ్మినప్పుడు, వీధి గుమ్మం తలుపులు మాకు కావాలని నాన్న పట్టుబట్టారు. తాతయ్య దగ్గరుండి చేయించిన టేకు తలుపులవి. చట్టప్రకారం అవి కొన్నవాళ్ళకే పోవాలి. కానీ నాన్న బేరం కుదరకముందే ఆ మాట చెప్పారు. కొత్త తలుపులకయ్యే ఖర్చు ధరలో తగ్గించుకోమన్నారు. అగ్రిమెంటులో ఒక లైను రాయించారు. తలుపులు విప్పే రోజున కొన్నాయనే ఒక చెయ్యేసి బండి ఎక్కించారు. తీసుకెళ్ళిందేమో ఇంటి తలుపులు, గొడవ మాత్రం లేదు. ఇక్కడేమో ఫ్యాన్ల దగ్గర మాటలు పడిపోయాయి. తేడా వస్తువులో లేదు, ముందు చెప్పడంలో ఉంది.

ఇంగ్లండులో దీన్ని పద్ధతిగా పెట్టుకున్నారు. లా సొసైటీ వాళ్ళదే ఒక ఫారం ఉంది. అమ్మేవాళ్ళు గది గదికీ ఏది వదులుతున్నారో, ఏది పట్టుకెళ్తున్నారో టిక్కు పెట్టాలి. లైటు తీసేస్తే దాని స్థానంలో హోల్డరూ, బల్బూ పెట్టి వెళ్ళాలని కూడా ఉంటుంది అందులో. జర్మనీలో ఆన్‌సైటు చేసొచ్చినవాళ్ళనడిగితే ఇంకో కథ చెప్తారు. అక్కడ అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసేటప్పుడు చాలాచోట్ల వంటిల్లు మొత్తం విప్పుకుపోతారు. అయినా ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే ఆ సంగతి అందరికీ ముందే తెలుసు.

మనకి ఫారం లేకపోతే మనమే చేసుకుందాం. టోకెను ఇచ్చేముందు ఫోనులో వీడియో తీసుకుంటూ ప్రతి గదీ తిరగండి. ఉండేవి, పోయేవి రెండు కాలమ్స్ రాసి, ఇద్దరూ సంతకం పెట్టి అగ్రిమెంటుకి జత చెయ్యండి. రిజిస్ట్రేషనుకి ముందురోజు ఆ కాగితం పట్టుకుని ఇంకోసారి ఇల్లు చూడండి. అపార్టుమెంటు కార్పస్ ఫండు ఎవరిదో కూడా అందులోనే తేల్చుకోండి. అమ్మేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. కాగితంలో వేరేగా రాయనంతవరకు, బిగించి చూపించింది అమ్మినట్టే అనుకోండి. విప్పాలనుంటే చూపించకముందే విప్పేయండి.

రేపు నేనూ ఈ ఫ్లాటు అమ్ముతానేమో. కొత్త గీజరు పెట్టించిన రోజే దాని పేరు ఆ లిస్టులో రాసి పెట్టుకున్నా, "ఉండేవి" కాలమ్‌లో. మరి మీరైతే ఫ్యాన్లు వదిలేస్తారా, విప్పుకుపోతారా?