వనము లేని వనభోజనములు

కార్తికమాసము వచ్చిన దనగా ఆంధ్రదేశమున వనభోజనముల సంరంభము మొదలగును. ఉసిరికచెట్టు నీడను విస్తళ్లు వేసికొని ఇంటిల్లిపాదియు భుజించుట మన పెద్దలు పెట్టిన యాచారము. ఇందలి పుణ్యమెంతయో పౌరాణికులు చెప్పగలరు. ఇందలి లోకజ్ఞానము మాత్రము సామాన్యులకును కనబడుచునే యున్నది. వానలు వెలిసి, చెట్లు పచ్చగా నుండి, ఎండ తీవ్రత తగ్గిన దినములలో, పసిబిడ్డ మొదలు ముదుసలి వరకు అందరును ఏడాది కొక్క పూటయైనను చెట్ల నడుమకు నడచిపోవలె ననుటయే ఆ నియమము. నేడు జరుగుచున్న దేమి? అనేక పట్టణములలో వనభోజనము కల్యాణమండపమున జరుగుచున్నది. ఉసిరికొమ్మ నొకదానిని విరిచి తెచ్చి కుండీలో నిలిపి, కులమువా రొకచోట చేరి, నాయకుల యుపన్యాసములు విని, వాహనము లెక్కి యిండ్లకు పోవుచున్నారు. భోజనము మిగిలినది, వనము పోయినది.

ఇది పరిహాసమున కన్న మాట కాదు. అడవిలో ఎన్నడును అడుగుపెట్టనివానికి అడవి పోయినను పోయినట్లు తెలియదు. మోదుగకును తునికికిని భేద మెరుగని బాలుడు రేపు పెద్దవాడై అధికారపీఠముపై కూర్చున్ననాడు, ఆ రెండును వానికి పటముమీది పచ్చరంగు మాత్రమే. ఆ రంగును తుడిచివేయుట కొక్క సంతకము చాలును. కావున, పిల్లలతో అడవిలో నడచుట కేవలవినోదము కాదనియు, ఆ నడకయే అడవికి గట్టి కంచె యనియు మా యభిప్రాయము.

ఈ యభిప్రాయమునకు నిదర్శనము ఇంగ్లండున నున్నది. 1600వ సంవత్సరము మొదలు నేటివరకు ఎడతెగక చెట్లతో నిండియున్న భూమిని అచ్చట ప్రాచీనవనమని వ్యవహరింతురు. అట్టి వనములు బ్రిటను భూభాగమున నూటికి సుమారు రెండున్నర పాళ్లు మాత్రమే మిగిలియున్నవి. వానిలో లండను నగరమునకు ఈశాన్యమున నున్న ఎప్పింగు అరణ్యము మిక్కిలి ప్రసిద్ధము. దాని వైశాల్యము సుమారు 6,000 ఎకరములు. గడచిన శతాబ్దమునకు ముందటి శతాబ్దమున భూస్వాములు ఆ యడవిని ముక్కలు చేసి కంచెలు వేసికొన నారంభించిరి. లౌటన్ గ్రామస్థులకు శీతకాలమున ఆ చెట్ల కొమ్మలను వంటచెరకునకు నరకుకొను హక్కు అనాదిగా కలదు. కంచె పడినను ఆ హక్కును విడువనని థామస్ విల్లింగేల్ అను కూలివాడు గొడ్డలి భుజమున వేసికొని లోనికి పోయెను. 1866లో అతని కుటుంబమువారు చెరసాలకు పోయిరి, గ్రామము లొంగలేదు.

అంతకు పూర్వమే, 1865లో, గ్రామసామాన్యభూముల రక్షణకై యొక సంఘ మేర్పడియుండెను. పిదప లండను నగరసభయే రంగమున దిగెను. ఆ ప్రాంతమున నగరసభకు శ్మశానభూమి యుండుటచే, అడవిలో పశువులను మేపుకొను హక్కు దానికిని సంక్రమించియుండెను. ఆ చిన్న హక్కును ఆధారముగా గొని 1871లో దావా వేసి, 1874లో గెలిచెను. 1851 తరువాత వేసిన కంచెలు అక్రమములని న్యాయస్థానము తీర్పు చెప్పెను. 1878లో పార్లమెంటు శాసనము చేసి, అడవిని సహజరూపమున కాపాడి ప్రజల విహారమునకై ఎన్నటికిని తెరచియుంచు బాధ్యతను నగరసభకు అప్పగించెను. 1882 మే 6వ తేదీన విక్టోరియా రాణి స్వయముగా వచ్చి ఆ యడవిని ప్రజలకు అంకిత మొనర్చెను. నేటికిని లండను కుటుంబములు రైలు దిగి ఆ చెట్ల నడుమ నడచుచున్నవి. పసిపిల్లల బండ్లును, నడువలేనివారి చక్రముల కుర్చీలును సాగుటకు తగిన సమతలపు బాటలు గూడ అందు గలవు.

ఈ కథలో ఒక లోపము లేకపోలేదు. ఏ హక్కుకొరకు విల్లింగేల్ పోరాడెనో ఆ కొమ్మలు నరకు హక్కును 1878 శాసనము ధనమిచ్చి రద్దు చేసినది. ఆ పరిహారముతో 1884లో లౌటన్‌లో ఒక సభాభవనము లేచినది. తరతరములుగా కొమ్మలు నరకబడుచు బ్రతికిన చెట్లు, గొడ్డలి తాకకపోగా శిరోభారముచేత చీలిపోసాగినవి. ఇప్పుడు అరణ్యపాలకులే తిరిగి కొన్నిటిని ఆ పాతపద్ధతిని నరికించుచున్నారు. అడవిని బాటసారులకు తెరచునప్పుడు, అడవితో బ్రతికిన చేతిని వెలుపలికి నెట్టరాదని దీనిచే తెలియుచున్నది.

ఇక మనవంకకు చూతము. ఎప్పింగు అరణ్యము ఆంగ్లప్రజల పరమైన ఆ 1878వ సంవత్సరముననే, అదే రాణి పేరిట, భారత అటవీశాసనము వెలువడెను. రాణి ఎప్పింగు చెట్ల నడుమ నిలిచిన 1882లోనే మద్రాసు అటవీశాసనము పుట్టెను. అచ్చట కంచెలు కూలినవి. ఇచ్చట కంచెలు లేచినవి. పశువును మేపినందుకు పుల్లరి, కట్టె తెచ్చినందుకు జుల్మానా, పోడు కొట్టినందుకు శిక్ష. ఈ బాధలనుండియే 1921-22లలో పల్నాటి అటవీ సత్యాగ్రహము పుట్టినది. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకిగుండ్లకు బలియయ్యెను. ఈ బాధలకు వెట్టిచాకిరి తోడుకాగా, 1922 మొదలు 1924 వరకు మన్యమున అల్లూరి సీతారామరాజు విప్లవము సాగినది. విల్లింగేల్ కుటుంబమునకు చెరసాల, హనుమంతునకు మరణము. రెండు దేశములలోను కోరిన దొక్కటియే: మా యడవిలో మేము నడతుము.

దొరతనము 1947లో పోయినది. 2006లో అటవీహక్కుల శాసనమును వచ్చినది. కాని అడవి యనగా సర్కారుది, మనకు పనిలేని చోటు అను తలంపు పట్టణవాసుల మనస్సులనుండి ఇంకను పోలేదు. పోయినచోట ఫలము కనబడుచున్నది. హైదరాబాదు నడిబొడ్డున, 1998లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి ఉద్యానము చుట్టును 2016లో వంతెనలకై చెట్లు కొట్టదలచినప్పుడు, నిత్యము నడచువారు నిరసించి హరితన్యాయస్థానము వరకు పోయిరి. 2025లో కంచ గచ్చిబౌలియందు 400 ఎకరముల నేలను యంత్రములు చదును చేయబూనినప్పుడు, ప్రక్క విశ్వవిద్యాలయపు విద్యార్థులు అడ్డము నిలిచిరి. ఏప్రిలు 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ పనిని ఆపించెను. వారు అటవీశాస్త్రజ్ఞులు కారు. ఆ నేలపై నడచినవారు. అచ్చటి నెమలి కూత విన్నవారు. అందుచేతనే లేచిరి.

‘మన యడవి ఇంగ్లండు అడవి కాదు, ఇచ్చట పులి యున్నది, చిరుత యున్నది’ అని కొందరు పలుకవచ్చును. నిజమే. 2023 ఆగస్టులో అలిపిరి మెట్లదారిని తల్లిదండ్రులతో పోవుచున్న బాలిక చిరుతవాత బడిన దుఃఖమును మరువరాదు. అట్లని అడవినడక మనకు క్రొత్తది కాదు. శేషాచలపు టడవిలో అలిపిరి మెట్లను, నల్లమలలో అహోబిలపు సెలయేటి దారిని, ఎన్ని తరముల కుటుంబములు నడచియుండలేదు? పట్టపగలు, గుంపుగా, పిల్లలను నడుమ నుంచుకొని, ప్రొద్దు వాలకమునుపే తిరిగివచ్చుట పెద్దల పద్ధతి. పెద్దపులుల రక్షితప్రాంతపు నడిగర్భము వినోదమునకు తగదు. దానిని మృగములకే విడువవలెను. అడవియంచున నడచుట కెవరికిని ఆటంక ముండనక్కరలేదు.

కావున రెండు ప్రభుత్వములకును మా మనవి యిది. ప్రతి పట్టణమునకు చేరువనున్న అడవియంచున, పిల్లలు గంటసేపు నడువదగిన కాలిబాట నొకదానిని గుర్తులతో నేర్పరుపవలెను. వాహనములకు అం దనుమతి యుండరాదు. దారిచూపువారు చెంచులు, కోయలు మున్నగు అడవిబిడ్డలే కావలెను. రుసుములో న్యాయమైన భాగము వారికే చెందవలెను. లేనిచో లౌటన్ గ్రామమున జరిగిన పొరపాటే యిచ్చటను జరుగును.

భూవసతిగల పాఠకులకును ఒక మాట. మీ తోపులగుండ ఊరి పిల్లలు పోవు దారిని మూయకుడు. తండ్రులకు మరియొక మాట. రాబోవు కార్తికమున ఒక్క ఆదివారము మండపమును మాని, నడువగల పెద్దలతోను పిల్లలతోను అడవియంచునకు పొండు. పాటలపెట్టెను, ప్లాస్టిక్కు సంచులను ఇంటనే విడువుడు. పిల్లవాని నడకకు మీ నడకను తగ్గించుకొని, మోదుగ నిదియని, ఇప్ప యిదియని, చండ్ర యిదియని చూపుడు. తెలియనిచో దారిచూపు చెంచుతాతను అడుగుడు. అడుగుట చిన్నతనము కాదు. ఆ చెట్టు పేరు నేర్చిన పిల్లవాడు ఎన్నడైనను దానిపై గొడ్డలి పడినప్పుడు ఊరకుండలేడు. అడవికి అంతకుమించిన కావలివాడు లేడు.