సముద్రంలో గాలిమరలు - లెక్కలో మనమెక్కడ?

గాలిమర వద్దని మనం అనం. తుపానొస్తే ముందు కూలేది మన గుడిసెలే, పొగలేని కరెంటు మనకీ కావాలి. కాని సముద్రంలో గాలిమర పాతేముందు ఒకటి తేలాలి: నష్టం లెక్క రాసేదెవరు? అందులో పేర్లెవరివి?

2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం సముద్రపు గాలిమరలకు 7,453 కోట్ల పథకం ఒప్పుకుంది. గుజరాత్ తీరాన 500 మెగావాట్లు, తమిళనాడు తీరాన 500. తమిళనాడులో వాళ్ల కన్ను మన్నార్ సింధుశాఖ మీద ఉంది. పగడపు దిబ్బలు, డుగాంగ్ అనే సముద్రపు ఆవులు బతికే చోటది.

యూరప్ అనుభవం చూడండి. 1991లోనే డెన్మార్క్ విండెబీ దగ్గర సముద్రంలో 11 గాలిమరలు నిలబెట్టింది. పెద్ద దెబ్బ పాతేటప్పుడే. లావుపాటి ఉక్కు గొట్టాల్ని సమ్మెట దెబ్బలతో సముద్రం అడుక్కి దించుతుంటే, ఆ మోతకు డాల్ఫిన్ లాంటి పోర్పాయిస్‌లు పదిహేను, ఇరవై కిలోమీటర్ల దాకా చెదిరిపోయాయి. అవి చెవి మీద బతికే జీవాలు. అందుకే జర్మనీ 750 మీటర్ల దూరాన మోత 160 డెసిబెల్స్ దాటొద్దని హద్దు పెట్టింది. చుట్టూ గాలిబుడగల తెర లేపి మోత తగ్గిస్తున్నారు. పాతడం అయ్యాక స్తంభాలకు ఆల్చిప్పలు పట్టాయి, చేపలూ చేరాయి. కాని బెల్జియంలో ఆ మరల మధ్య వేట నిషేధం. చేప ఉంటుంది, వల ఉండదు!

చేపకు హద్దు గీసే చేతులు మనుషుల్ని ఎలా లెక్కేస్తాయి? పడవున్నవాడి పేరు రాసుకుంటారు. గంప నెత్తినెత్తుకుని ఊరూరా తిరిగే ఆడమనిషి, ఐసు మోసే కూలీ, మొగల్లో పీతలు పట్టే యానాది, మన్నార్‌లో మునిగి నాచు కోసే తల్లి - వీళ్ల పేర్లో? పులికాట్ సరస్సులో తమిళనాడు వైపు వల వేసే వంతుల్లో తరతరాలుగా దళితులకు చోటివ్వలేదు. పాత పుస్తకంలో లేని పేరు కొత్త పుస్తకంలోకి దానంతటది రాదు.

మహద్ చెరువు కాగితం మీద 1924లోనే అందరిదైంది. 1927లో బాబాసాహెబ్ వేలమందితో నడిచెళ్లి దోసిలి పట్టాల్సొచ్చింది. సముద్రమూ కాగితం మీద అందరిదే.

కనుక అడుగుదాం. పాతకముందూ పాతాకా సముద్రాన్ని కొలవాలి. మోతకు హద్దు చట్టంలో రాయాలి. ఆ నివేదికను ఊరి భాషలో, పేట జనం ముందు గ్రామసభలో చదవాలి. పడవ లేనివాళ్లకూ పరిహారంలో వాటా ఉండాలి.

మొదటి విడత గుజరాత్, తమిళనాడులదే. మన తీరం దాకా వచ్చేలోగా, కార్యకర్తలారా, పేటపేటకీ తిరిగి సముద్రం మీద బతికే ప్రతి చేతి పేరూ రాయండి. ఆ జాబితా మన దగ్గర లేకపోతే, వాళ్ల జాబితాలో మనం ఉండం!