ఊహించే హక్కు

విశాఖ కైలాసగిరి మీద గాజు వంతెన కడుతున్నన్నాళ్లూ మా గుమ్మలక్ష్మీపురం సంతలో చింతపండు, కొండచీపుర్ల బేరాల నడుమ కూడా దాని ముచ్చటే. ఫోన్లో ఫొటో పెద్దది చేసి, కొండ అంచు దాటి గాలిలోకి పొడుచుకొచ్చిన ఇనుప దూలాన్ని వేలితో చూపిస్తూ, ‘55 మీటర్లట, అవతలి కొసన స్తంభమే లేదట, హుద్‌హుద్ లాంటి గాలి మళ్లీ వస్తే?’ అని ఒకరు. ‘ఒక్కసారి ఎంతమందిని ఎక్కనిస్తారో’ అని ఇంకొకరు. 2025 డిసెంబరులో అది తెరుచుకుంది, ఊహాగానాలు ఆగిపోయాయి. వాటిని కాలక్షేపమని కొట్టిపారేసినవాళ్లే ఎక్కువ. నాకలా అనిపించలేదు. బరువు, గాలి, పట్టు: ఇంజినీరు అడగాల్సినవే వాళ్లూ అడిగారు, అదీ 2014 నాటి హుద్‌హుద్ తుఫాను చూసిన అనుభవంతో. వినోదం కోసం కట్టేదాన్ని ఇంత శ్రద్ధగా ఆరా తీసే జనానికి, తమ కొండ మీద ఏం రాబోతోందో ఊహించే అవకాశం ముందే దక్కాలి కదా! మాలాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో అభివృద్ధి పనులకు భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. సంప్రదించడమంటే నా దృష్టిలో సంతకాలు తీసుకోవడం కాదు. జలపాతం దగ్గర రిసార్టయినా, వ్యూ పాయింటయినా, రాళ్లు పాతకముందే నక్షా తెచ్చి గోడకి అంటించాలి, ఇక్కడ మాట్లాడే సవర భాషలోనూ వివరించాలి, రెండు సంతలు గడిచేదాకా జనాన్ని మాట్లాడుకోనిచ్చి, ఆ తర్వాతే అభిప్రాయం అడగాలి.