గడప మనమే సవరించాలి

కెనడాలో పిల్లల్ని పెంచుకుంటున్న తల్లిదండ్రులారా, తెలుగు సంఘాల పెద్దలారా!

ఎడ్మంటన్‌లోని ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో జొహానా డారా అనే ఫిజియోథెరపిస్టు పిల్లల కదలికల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేశారు. మార్తా పైపర్‌తో కలిసి ఆమె తయారుచేసిన ఆల్బర్టా శిశు చలన కొలమానం 1994లో పుస్తకంగా వచ్చింది. అందులో 58 అంశాలు. పరీక్షించేవారు బిడ్డను పెద్దగా ముట్టుకోరు, పక్కన కూర్చుని చూస్తారు. బోర్లా పడుకున్న పాప ముంజేతుల మీద బరువు మోపిందా? తల ఎంత ఎత్తింది? 2,202 మంది ఆల్బర్టా శిశువుల్ని ఇలా చూశాకే ప్రమాణాలు కుదిరాయి. ఆ తల్లులు బిడ్డల్ని తీసుకురాకపోతే ఆ కొలమానమే లేదు. రేపు అలాంటి పరిశోధనకు పిలుపొస్తే ముందు వరుసలో మనం ఉండాలి.

బిడ్డ కదలికలు ఆలస్యమైతే “వాళ్ల నాన్నా ఆలస్యంగానే నడిచాడులే” అంటూ నెలలు గడిపేయకండి. పిల్లల ఎదుగుదల ఒకే వేగంతో సాగదన్నది నిజమే, డారా అధ్యయనాలూ అదే చెప్పాయి. అందుకే ఒక్కసారి చూసి తేల్చేయకూడదు, మళ్లీ మళ్లీ చూడాలి. వీసా మీద వచ్చిన అమ్మమ్మే పగలంతా బిడ్డ దగ్గరుంటుంది. “ఏమిటే, ఎప్పుడూ ఒక చెయ్యే చాపుతోంది” అని ఆవిడ అంటే, ఆ మాట ఫ్యామిలీ డాక్టరు దాకా చేరాలి.

పరిశోధకులు మేరీ లా, డారా తదితరులు 2011లో ప్రచురించిన అధ్యయనం నన్ను అన్నిటికన్నా కదిలించింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న 128 మంది చిన్నారులు, రెండు జట్లు. ఒక జట్టుకు కండరాల బలం, కీళ్ల కదలిక మీద చికిత్స చేశారు. రెండో జట్టులో బిడ్డ శరీరాన్ని మార్చే ప్రయత్నం చేయకుండా, చేసే పనినీ చుట్టూ ఉన్న పరిసరాన్నీ మార్చారు. ఆరు నెలల్లో రెండు జట్లూ ఒకే తీరుగా మెరుగుపడ్డాయి!

ఇంత తెలిశాక థెరపిస్టు మీద భారం వేసి మనం చేతులు కట్టుకుని కూర్చుంటామా? మెట్లున్న హాలు అద్దెకు తీసుకున్నామంటే, వీల్‌చైర్‌లోని పిల్లాడిని గడప బయట ఆపింది మనమే. కుర్చీలో కూర్చుని అభినయం పట్టే అమ్మాయికి కూచిపూడి క్లాసులో చోటివ్వండి. అలాంటి పిల్లల తల్లికి మన జాలి వద్దు. శనివారం రెండు గంటలు బిడ్డను చూసుకునే పక్కింటివాళ్లు కావాలి. సెలవులకు ఊరెళ్లినప్పుడు మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికీ వెళ్లండి, అక్కడి పిల్లలకు ఏం కావాలో అడగండి.

ఉగాది కమిటీ కూర్చునే రోజు దగ్గరపడింది. భోజనాల లెక్క తర్వాత చూసుకోవచ్చు. ముందు ర్యాంపున్న హాలు ఖాయం చేయండి.