ఒక్కచోట దిద్దితే చాలదా?

పరీక్ష ఫీజు గడువు మారింది. వెబ్‌సైటులో ఒక పేజీలో దిద్దారు. ఇంకో పేజీలో పాత తేదీ అలాగే ఉండిపోయింది. దాన్ని నమ్మినవాడు అపరాధ రుసుము కట్టాడు. తప్పెవరిది? ఒకే సంగతిని పేజీ పేజీకీ విడిగా రాసే అలవాటుది!

దీనికి మందు 1990ల నుంచీ ఉంది: సర్వర్ సైడ్ ఇన్‌క్లూడ్స్. నోటీసును ఒకే ఫైలులో పెట్టి, ప్రతి పేజీలో ‘ఇన్‌క్లూడ్’ ఆదేశం ఒక్క వరుస రాస్తే చాలు. పేజీ అడిగినప్పుడల్లా సర్వరే ఆ ఫైలును అందులో కలిపి పంపుతుంది. డేటాబేసు అక్కర్లేదు, చూసేవాడి ఫోను పాతదైనా ఫర్వాలేదు. కాకపోతే ‘ఎగ్జెక్’ ఆదేశాన్ని మూసి ఉంచాలి. అది సర్వర్‌లో ప్రోగ్రాములనే నడిపించగలదు.

కాలువకి మడవ తీస్తే మడులన్నీ తడుస్తాయి. మడి మడికీ బిందెతో మోయడం దేనికి? హంగులు తర్వాత, ముందు తేదీ అన్నిచోట్లా ఒక్కటిగా ఉండనీయండి!