గడ్డిలో దాక్కున్న సమురాయ్

చెట్టు చాటు నుంచి వాలిని కొట్టడం రాముడికి తగునా? మన ఇళ్లలో తరాలుగా నడుస్తున్న చర్చ ఇది. తాతయ్య ఒక మాటంటే నానమ్మ ఇంకో మాటంటుంది. భోజనాలు అయిపోతాయి గానీ చర్చ తేలదు. అచ్చం అలాంటి ప్రశ్నే అడిగి, ‘నోటితో కాదు, చేతుల్తో జవాబు చెప్పు’ అనే గేమ్ ఒకటుంది. అదే ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’.

2020 జులైలో ప్లేస్టేషన్ 4కి వచ్చింది. మరుసటి ఏడాది ‘ఇకి’ అనే ఇంకో దీవి కథను కలుపుకుని డైరెక్టర్స్ కట్‌గా మళ్లీ విడుదలైంది. 2024 మేలో పీసీకీ వచ్చేసింది. దీనికి తోబుట్టువు లాంటి ‘ఘోస్ట్ ఆఫ్ యోటే’ 2025 అక్టోబరులో దిగింది. అయినా నా శనివారం రాత్రులు ఇంకా సుషిమాలోనే గడుస్తున్నాయి. ఎందుకో చెబుతా.

ఎనభై మంది, ఒక సముద్రం

సుషిమా నిజంగా ఉన్న దీవే. జపాన్‌కీ కొరియాకీ మధ్య సముద్రంలో ఉంటుంది. అక్కణ్నుంచి కొరియా తీరం సుమారు 50 కిలోమీటర్లే. 1274లో కుబ్లాయ్ ఖాన్ పంపిన నౌకలు జపాన్ మీదికి వస్తూ మొదట దిగింది ఇక్కడే. సో సుకెకుని అనే స్థానిక అధిపతి కొమోడా తీరంలో 80 మంది ఆశ్వికులతో ఎదురు నిలిచి, వాళ్లతో పాటే ప్రాణాలొదిలాడని చెబుతారు.

గేమ్ కూడా అదే తీరంలో మొదలవుతుంది. కాకపోతే పాత్రలు కల్పితం. జిన్ సకాయ్ అనే కుర్ర సమురాయ్, అతన్ని పెంచిన మేనమామ షిమురా, అవతలి వైపు ఖోటున్ ఖాన్. యుద్ధానికి ముందు ఒక సమురాయ్ ముందుకొస్తాడు. తన పేరు, వంశం చెప్పుకుని, దమ్మున్న వాడెవడో ఒంటరిగా రమ్మని సవాలు విసురుతాడు. వాళ్ల పద్ధతి అది. ఖాన్ మాత్రం చేతిలో ఉన్న మద్యాన్ని అతని మీద కుమ్మరించి నిప్పంటించేస్తాడు. నియమాలు ఒక పక్షానికే ఉండి, ఎదుటి వాడికి అవేమీ పట్టకపోతే ఏమవుతుందో ఆ ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

యుద్ధం అయ్యేసరికి జిన్ కొన ప్రాణంతో ఉంటాడు. అతన్ని బతికించేది ఇంకో యోధుడు కాదు, యునా అనే దొంగ. గడ్డిలో పాకడం, చప్పుడు కాకుండా వెనక నుంచి వెళ్లడం... ఆ దారిలోకి అతన్ని తెచ్చేది ఆమే.

వెనక నుంచి వేటు

స్టెల్త్ గేములు మనకు కొత్తేం కాదు. దాక్కోవడం, కాపలావాడు అటు తిరగ్గానే పని కానిచ్చెయ్యడం. చాలా గేముల్లో అదొక టెక్నిక్, అంతే. ఇక్కడ మాత్రం జిన్ మొదటిసారి వెనక నుంచి కత్తి దించినప్పుడు అతనికి చిన్నతనం గుర్తొస్తుంది. శత్రువు కళ్లలోకి చూసి పోరాడాలని మేనమామ నేర్పిన పాఠం గుర్తొస్తుంది. బటన్ నొక్కింది మనం. ముఖం చిన్నబోయేది అతనిది. ఎన్నో గేముల్లో వేలమందిని ఇలాగే పడేసిన నాకు, మొదటిసారి వేలు కాస్త ఆగింది.

ప్రతి మంగోల్ శిబిరం దగ్గరా ఇదే మీమాంస. గేటు ముందుకెళ్లి గట్టిగా పిలవొచ్చు. అప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడతారు. బటన్ నొక్కిపట్టి, వాడు నిజంగా కదిలిన క్షణంలోనే వదలాలి. వాడు ఉత్తుత్తిగా భుజం కదిపితే మనం తొందరపడ్డామా, అయిపోయినట్టే. ఒకటే టెన్షన్! లేదా ఇంటి కప్పెక్కి, గోడల అవతల ఎవరున్నారో చెవులు రిక్కించి విని, చిరుగంట మోగించి ఒక్కొక్కణ్నీ పక్కకు రప్పించొచ్చు. కొన్ని మిషన్లలో మనం కనబడితే లోపలున్న బందీలను చంపేస్తారు. మర్యాదకు పోయి ముందు గేటు తడితే, ఆ ఖరీదు చెల్లించేది కట్టేసి ఉన్న ఊరి రైతు.

ఇక్కడే నాకు గేమ్ పూర్తిగా పట్టేసింది. మన గౌరవం నిలబడటం ముఖ్యమా, వాళ్ల ప్రాణం నిలబడటం ముఖ్యమా? స్క్రీన్ మీద పాప పుణ్యాల మీటరేమీ ఉండదు. లెక్క మనలోనే జరుగుతుంది.

ఇంకా ఆడని వాళ్లు ఈ ఒక్క పేరా వదిలేయండి. కథ మధ్యలో జిన్ ఒక కోటను తిరిగి దక్కించుకోవడానికి మంగోలులు తాగే పానీయంలో విషం కలుపుతాడు. పని అవుతుంది. జనం బతుకుతారు. హమ్మయ్య అనుకుంటాం. కానీ తర్వాత ఆ విషం తయారీ మంగోలులకూ తెలిసిపోతుంది, అదే మన వాళ్ల మీదికి తిరిగొస్తుంది. షిమురా చాదస్తపు పెద్దమనిషి అనుకుంటూ వచ్చిన నేను, అక్కడ ఆయన మాటలో ఉన్న బరువును మళ్లీ తూచుకోవాల్సి వచ్చింది.

గాలి చెప్పిన దారి

ఇంత బరువైన కథైనా, ఆడుతుంటే మనసు తేలికగా ఉండటానికి కారణం ఆ దీవి. మూలన మినీ మ్యాప్ ఉండదు. బాణం గుర్తులుండవు. టచ్‌ప్యాడ్ మీద వేలు పైకి జరిపితే గాలి వీస్తుంది. గడ్డి ఎటు వంగితే, ఆకులు ఎటు ఎగిరితే అటే మన దారి. పసుపు పచ్చ పిట్ట వచ్చి ఎగిరితే దాని వెనక వెళ్లాలి, ఏ వేడినీటి గుండమో దొరుకుతుంది. నక్క ముందు పరిగెడితే ఇనారి దేవత చిన్న గుడికి తీసుకెళ్తుంది. వరికోతలప్పుడు మా ఊరి పొలం గట్టు మీద నిలబడితే గాలి అలలా పోయేది కనబడుతుంది చూడండి, ఇక్కడి తెల్లటి రెల్లు పొలాల్లో గుర్రం తోలుతుంటే అదే హాయి.

గాలినే ఎంచుకోవడంలో ఓ అందముంది. 1281లో మళ్లీ వచ్చిన మంగోల్ నౌకాదళాన్ని తుపాను చెల్లాచెదురు చేసింది. జపనీయులు ఆ గాలిని ‘కమికజే’ అన్నారు, అంటే దైవ పవనం. చరిత్రలో దేశాన్ని కాపాడిందని నమ్మిన గాలి, గేమ్‌లో మన వేలి కొసకు వచ్చి దారి చూపిస్తుంది.

అన్నీ బాగున్నాయనను. శత్రువులకు మతిమరుపు ఎక్కువ. పక్కవాడు పడిపోతే కాసేపు హడావుడి చేసి, ‘ఏదోలే’ అన్నట్టు మళ్లీ కాపలాకు పోతారు. ఇరవయ్యో నక్క వెంట పరిగెత్తేటప్పుడు ఆవలింత ఖాయం. ఇక చరిత్ర అంటారా, అదీ పక్కాగా ఉండదు. జిన్ కూర్చుని హైకూలు అల్లుతాడు, కానీ హైకూ రూపం స్థిరపడింది 17వ శతాబ్దంలో. 1274 నాటి సమురాయ్ ప్రధానంగా గుర్రం మీది విలుకాడు. ఇక్కడేమో కత్తిదే రాజ్యం. తీసినవాళ్లు అమెరికాలోని సక్కర్ పంచ్ స్టూడియో వాళ్లు. పాఠ్యపుస్తకం కన్నా సమురాయ్ సినిమాలే వాళ్లకు ఎక్కువ ఇష్టమని తెలుస్తూనే ఉంటుంది. అకిరా కురొసావా పేరుతో బ్లాక్ అండ్ వైట్ మోడ్ కూడా పెట్టారు. వర్షం పడుతున్నప్పుడు అందులో ఒకసారి ఆడి చూడండి, పాత సినిమా థియేటర్లో కూర్చున్నట్టే.

నాకు గుచ్చుకునే తేడా మాత్రం ఇంకోటి. నిజమైన సుషిమాను కాపాడటానికి ఏ జిన్ రాలేదు. దీవి ఓడిపోయింది. దాన్ని దాటుకుని నౌకలు ఇకికీ, అక్కణ్నుంచి హకాటా తీరానికీ వెళ్లాయి. గడ్డిలోంచి లేచి జనాన్ని విడిపించే ‘ఘోస్ట్’ అనేవాడు, ఆ రోజున ఎవరో ఒకరు వచ్చి ఉంటే బాగుండు అనే కోరిక అంతే.

ఆ కోరికకు ఒక మంచి కొనసాగింపు కూడా ఉంది. 2020 సెప్టెంబరులో తుపానుకు అసలు సుషిమాలోని వతత్సుమి గుడి తోరణం ఒకటి కూలింది. బాగుచేయడానికి 50 లక్షల యెన్‌లు కావాలని విరాళాలు అడిగారు. గేమ్ ఆడినవాళ్లు కూడా తలా ఒక చెయ్యి వేశారు. చివరికి పోగైంది 2 కోట్ల 70 లక్షల యెన్‌ల పైనే. 2021లో గేమ్ దర్శకులు నేట్ ఫాక్స్, జేసన్ కానెల్‌లను ఆ దీవి తన పర్యాటక రాయబారులుగా చేసుకుంది. సోఫాలో కూర్చుని గుర్రం తోలినవాళ్లు, ఎన్నడూ చూడని ఊరి గుడికి డబ్బు పంపారంటే, ఆ ఊరు వాళ్లకు కాస్తయినా సొంతమైనట్టే కదా.

ఇప్పుడు మొదలుపెట్టే వాళ్లకు రెండు మాటలు. ఒకటి, పీసీలో అయితే 75 జీబీ ఖాళీ చూసుకోండి. రెండోది, కథ తరుముతున్నా పరిగెత్తొద్దు. పిట్ట వస్తే దాని వెనకే వెళ్లండి. సమురాయ్‌లా గేటు తట్టండి, దొంగలా గోడ దూకండి, రెండూ చేసి చూడండి. చివర్లో గేమ్ మిమ్మల్ని మేనమామ ఎదురుగా నిలబెట్టి, రెండు దారులు చూపిస్తుంది. టైమర్ ఉండదు, కావాల్సినంత సేపు ఆలోచించుకోవచ్చు. నేను ఏది నొక్కానో చెప్పను. మీరు ఏది నొక్కుతారో, నొక్కాక ఎంతసేపు కంట్రోలర్ పట్టుకుని అలాగే కూర్చుంటారో... అది నాకు రాసి పంపండి.