ఎవరి బిడ్డ అయితేనేం?



వార్షికోత్సవ సంచికలో సినిమా గురించి రాస్తున్నానంటే వార్డెన్ గారు ఏమంటారోనని కొంచెం భయంగానే ఉంది. విద్య విలువ, పరిశుభ్రత, చెట్లు నాటడం వంటి అంశాల మీద నాకంటే బాగా రాసేవాళ్లు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. వాళ్లు రాస్తారు కూడా. కానీ ఈ సంవత్సరం గదుల్లో లైట్లు ఆర్పేశాక మనవాళ్లు గొంతు తగ్గించి మరీ పోట్లాడుకున్నది ఒక ఇంగ్లీషు సినిమా మీద. 'స్టార్ వార్స్' వరుసలో ఎనిమిదోది, 'ది లాస్ట్ జెడై'. 2017 డిసెంబరు 15న అమెరికాలో విడుదలైన సినిమా మీద ఇప్పుడు వాదనేమిటని అడగవచ్చు. అది దర్శి దాకా రావడానికి అంతకాలం పట్టింది, అంతే.

చూడనివారి కోసం నాలుగు మాటలు. జార్జ్ లూకాస్ అనే దర్శకుడు 1977లో ఈ కథ మొదలుపెట్టాడు. నక్షత్రాల మధ్య ఒక దుష్ట సామ్రాజ్యం, దాని మీద తిరగబడేవాళ్లు, కాంతి కత్తులు పట్టిన జెడై అనే యోధులు, వాళ్లకు బలమిచ్చే 'ఫోర్స్' అనే కనిపించని శక్తి. పొలం పనులు చేసుకునే లూక్ అనే కుర్రాడు వీరుడవుతాడు. 1980లో వచ్చిన రెండో సినిమాలో విలన్ డార్త్ వేడర్, నేనే నీ తండ్రినని లూక్‌తో అంటాడు. అది నిజమా అబద్ధమా తేలడానికి జనం 1983 దాకా ఆగారు. మన కట్టప్ప ప్రశ్న 2015 జులై 10 నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా నడిచింది. అంటే వాళ్లు మూడేళ్లు ఆగారు, మనం రెండేళ్లు కూడా ఆగలేదు.

2015లో ఏడో సినిమాతో కొత్త కథ మొదలైంది. అందులో రే అనే అమ్మాయి ఎడారిలో పాత ఓడల ఇనుప ముక్కలు ఏరి, అమ్ముకుని, ఒంటరిగా బతుకుతుంది. ఆమెలో గొప్ప శక్తి ఉంది. అయితే ఆమె తల్లిదండ్రులెవరు? లూక్ కూతురా, మరో మహావీరుడి మనవరాలా అని ప్రపంచమంతా అభిమానులు రెండేళ్లు లెక్కలు వేశారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిందే 'లాస్ట్ జెడై'. దర్శకుడు రయన్ జాన్సన్.

ముందు దోషాల సంగతి చూద్దాం. ఈ సినిమా అంటే నాకు ఇష్టమే గానీ గుడ్డి ఇష్టం కాదు.

సినిమాలో సగం సేపు తిరుగుబాటుదారుల ఓడ ముందు పారిపోతుంటుంది, శత్రువుల ఓడలు వెనక తరుముతుంటాయి. ఇంధనం అయిపోతే దొరికిపోతారన్నది అసలు ఉత్కంఠ. తొమ్మిదో తరగతి తమ్ముడొకడు దీన్ని ఒక్క మాటతో పడగొట్టాడు. "అన్నా, న్యూటన్ మొదటి సూత్రం ఏమైంది?" అన్నాడు. నిజమే. అంతరిక్షంలో గాలి లేదు, రాపిడి లేదు. ఒకసారి వేగం అందుకున్న ఓడ ఇంజన్ ఆపినా అదే వేగంతో పోతూనే ఉంటుంది. ఇంధనం కావలసింది వేగం పెంచడానికో, దిశ మార్చడానికో. పెట్రోలు అయిపోయిన మోటారు సైకిలు పొదిలి రోడ్డు మీద ఆగినట్టు ఓడ వెనకబడిపోదు.

మొదటి పోరాటంలో బాంబులు కిందికి పడటాన్ని కూడా చాలామంది వెక్కిరించారు. అది మాత్రం అంత తప్పు కాదు. ఓడ లోపల వాళ్లకు కృత్రిమ గురుత్వం ఉందని కథలోనే ఒప్పుకున్నాం కదా. లోపల కిందికి కదలడం మొదలైన బాంబు బయటికొచ్చాక అదే దారిలో పోతుంది. దీన్ని కాపాడేది కూడా ఆ న్యూటనే.

శబ్దం సంగతి మరీ తమాషా. అంతరిక్షంలో యానకం లేదు కాబట్టి శబ్దం వినపడకూడదు, అయినా ఈ సినిమాలన్నిటిలోనూ ఢాంఢాం మోతలే. ఈ ఒక్క సినిమాలో మాత్రం ఒక ఓడ కాంతివేగంతో మరో ఓడను చీల్చుకుని పోయేచోట కొన్ని క్షణాలు పూర్తి నిశ్శబ్దం పెట్టారు. అమెరికాలో ఒక థియేటర్ వాళ్లు, సౌండు చెడిపోలేదు, సినిమాలోనే అలా ఉందని బోర్డు పెట్టాల్సి వచ్చిందట. ఇన్నాళ్లకు సైన్సు ప్రకారం తీస్తే జనం మిషను పాడైందనుకున్నారు!

ఇక లూక్. వేడర్ వంటి దుర్మార్గుడిలోనూ మంచి మిగిలి ఉందని నమ్మినవాడు, తన శిష్యుడూ మేనల్లుడూ అయిన బెన్ నిద్రపోతుంటే ఒక్క క్షణమైనా కత్తి తీస్తాడా? పిల్లవాడిలో చీకటి కనబడి భయపడ్డాడని సినిమా చెబుతుంది. ఆ ఒక్క క్షణంతో శిష్యుడు శత్రువయ్యాడు, గురుకులం బూడిదైంది, లూక్ ఒక దీవిలో దాక్కున్నాడు. ఆ పాత్ర వేసిన మార్క్ హామిల్ కూడా దర్శకుడి ఆలోచనతో తనకు ఏకీభావం లేదని బయటికే చెప్పాడు. ఈ విషయంలో నేనూ అభిమానుల పక్షమే. లూక్ అలా మారడానికి కారణం ఇంకా చూపించాల్సింది. కానీ చివర్లో అతను ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా, దూరాన కూర్చుని తన రూపాన్ని మాత్రం పంపించి, మొత్తం సైన్యాన్ని నిలబెట్టిన ఘట్టం ఉంది చూడండి, దానికి ఎన్ని మార్కులైనా వేయవచ్చు.

జూదగృహాల గ్రహం దగ్గర కథ నీరసపడిందన్నది మరో ఫిర్యాదు. ఫిన్, రోజ్ అనే ఇద్దరు ఒక పనిమీద అక్కడికి వెళ్తారు, ఆ పని కాదు, పైగా నష్టం జరుగుతుంది. నిడివి ఎక్కువైన మాట వాస్తవం. అయినా ఆ భాగాన్ని కోసేయమంటే నేను ఒప్పుకోను. ఎందుకో చివర చెబుతాను.

అసలు గొడవ వీటి గురించి కాదు. రే తల్లిదండ్రుల గురించి.

ఆమెకు జవాబు ఎలా దొరుకుతుందంటే, శత్రువైన కైలో రెన్ చెప్పకముందే ఆమె నోటితోనే ఆమె ఒప్పుకుంటుంది, వాళ్లు ఎవరూ కారని. పాత సామాను అమ్ముకునేవాళ్లు, తాగుడుకు డబ్బుల కోసం బిడ్డను అమ్మేసినవాళ్లు, దిక్కులేని గోతిలో పూడ్చబడ్డవాళ్లు. రాజూ లేడు, రహస్యమూ లేదు. రెండేళ్లు ఎదురు చూసిన అభిమానులకు ఇది చెంపదెబ్బలా తగిలింది. మన గదిలోనూ అంతే. "ఇంతేనా? దీనికోసమా ఇంతసేపు కూర్చోబెట్టింది?" అన్నారు సగంమంది. ఏ వంశమూ లేకుండా అంత శక్తి ఎలా వచ్చిందన్నది వాళ్ల ప్రశ్న.

ఆ ప్రశ్న దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే మన కథలన్నీ ఆ ప్రశ్నకు ఒకే జవాబు నేర్పాయి. 'బాహుబలి' మొదటి భాగంలో శివుడు జలపాతం కింద అడవి మనుషుల మధ్య పెరుగుతాడు. కొండ ఎక్కుతాడు, శివలింగాన్ని భుజాన మోస్తాడు. ఎంత ముచ్చటగా ఉంటుంది! తీరా చూస్తే అతను మాహిష్మతి రాజకుమారుడు. అప్పటినుంచి ఆ బలమంతా తండ్రి రక్తం లెక్కలోకి పోతుంది, పెంచిన తల్లి సంగకు రెండో భాగంలో పెద్దగా పనే ఉండదు. రెండో భాగం గొప్పగా తీయలేదని అనడం లేదు. భల్లాలుడి పట్టాభిషేకం నాడు జనం బాహుబలి పేరు ఎత్తగానే నేల అదిరే ఘట్టం ఇప్పుడు చూసినా ఒళ్లు జలదరిస్తుంది. చెట్లను విల్లులా వంచి సైనికులను కోటలోకి విసిరే సీను దగ్గర నవ్వుకున్నా, ఆ నవ్వు కూడా అభిమానంతోనే. కానీ ఆ కథలో కట్టప్పను గమనించండి. అందరికంటే గొప్ప యోధుడు. బాహుబలి అతన్ని మామా అని పిలుస్తాడు. అయినా తాతల నాటి మాటకు కట్టుబడి బానిసగానే ఉంటాడు. పుట్టుకతో ఒకడు రాజు, పుట్టుకతో ఒకడు బానిస. కట్టప్ప ఎందుకు చంపాడని దేశమంతా అడిగింది. కట్టప్ప ఎందుకు బానిస అని అడిగినవాళ్లు ఎంతమంది?

2024 జూన్ 27న వచ్చిన 'కల్కి 2898 ఏడీ' కూడా చూడండి. డబ్బు కోసం ఏ పనికైనా దిగే భైరవ చివరికి కర్ణుడని తెలుస్తుంది. ఆ వెంటనే కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా అని రాష్ట్రమంతా వాదించుకుంది. మనలో చాలామంది కర్ణుడి పక్షం. సూతపుత్రుడని అవమానించినా నిలబడ్డాడని మనకు అతనంటే ప్రేమ. కానీ కథలో అతను నిజంగా సూతపుత్రుడు కాదు కదా! సూర్యుడి కొడుకు, కుంతి బిడ్డ. రథం తోలే అధిరథుడికీ రాధకూ పుట్టిన కొడుకే అంత విలుకాడై ఉంటే, ఆ కథ మనకు ఎవరైనా చెప్పేవారా?

ఎవరి పిల్లాడివిరా అనే ప్రశ్న మనకు రెండుచోట్ల ఎదురవుతుంది. తహసీల్దారు ఆఫీసులో ధ్రువపత్రం కోసం అడుగుతారు. ఆ జవాబు మనకు ఈ హాస్టల్లో మంచం, కంచం, స్కాలర్‌షిప్పు ఇస్తుంది, అది మన హక్కు. ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి అదే ప్రశ్న అడిగితే, మనల్ని ఎంత దూరంలో నిలబెట్టాలో కొలుచుకోవడానికి. ఇంటిపేరు, పేట పేరు చెప్పేదాకా వదలడు. రే ఆ జవాబు చెప్పేటప్పుడు ఆమె ముఖం చూస్తే నాకు అరుగు ముందు నిలబడ్డట్టే అనిపించింది. తేడా ఒక్కటే. జవాబు చెప్పాక ఆమె తల వంచుకుని వెళ్లిపోలేదు. పక్కనున్న కత్తి కోసం చెయ్యి చాచింది.

దీనికి ఎనిమిదో తరగతి తమ్ముడొకడు గట్టి జవాబే చెప్పాడు. "నువ్వు చెప్పేది బాగానే ఉందన్నా. ఎవరికీ పుట్టనట్టు ఉండటం మాకు రోజూ ఉన్నదే. సినిమాలో రెండున్నర గంటలైనా రాజుగారి కొడుకును కావద్దా?" అన్నాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. ఆ మాటను నేను కొట్టిపారేయలేను. కల కనడానికి కూడా లెక్క చూసుకోమంటే అన్యాయమే. నేననేది, వందసార్లు రాజుగారి కొడుకు కథ చెప్పినవాళ్లు ఒక్కసారి ఇనుము ఏరుకునేవాళ్ల కూతురి కథ చెబితే, మిగతా లోకానికి అంత కోపం ఎందుకు రావాలని.

ఆ కోపం ఎక్కడిదాకా పోయిందో వినండి. రోజ్ పాత్ర వేసిన కెల్లీ మేరీ ట్రాన్ వియత్నాం నుంచి శరణార్థులుగా వచ్చినవాళ్ల కూతురు. పాత్ర నచ్చనివాళ్లు ఆమె రంగునూ రూపాన్నీ జాతినీ తిట్టిపోశారు. 2018లో ఆమె తన ఇన్‌స్టాగ్రాం పోస్టులన్నీ తీసేసింది. ఆ ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక వ్యాసం రాసి తన మనసులో మాట చెప్పుకుంది. సినిమా నచ్చకపోతే సినిమాను తిట్టాలి. నటి పుట్టుకను తిట్టడం అభిమానం కాదు. మన హీరోల అభిమానులం ఫ్లెక్సీల దగ్గర, కామెంట్లలో వాడే మాటలు గుర్తుచేసుకుంటే మనం వాళ్లకు పాఠాలు చెప్పే స్థితిలో లేమనుకోండి.

2019 డిసెంబరులో తొమ్మిదో సినిమా వచ్చింది. దర్శకుడు మారాడు, జవాబూ మారింది. రే ఎవరో కాదు, దుష్ట చక్రవర్తి పాల్పటీన్ మనవరాలేనట! శక్తికి రక్తం కావలసి వచ్చింది మళ్లీ. చివర్లో ఆమె స్కైవాకర్ అనే ఇంటిపేరు తనకు తానే పెట్టుకుంటుంది. అది మంచి ముగింపేనని మా గదిలో ఇద్దరు గట్టిగా వాదించారు, ఇంటిపేరు పుట్టుకతో రాకుండా ఎంచుకోవచ్చని చెప్పినట్టే కదా అని. సగం ఒప్పుకుంటాను. కానీ ఎంచుకున్నది కూడా ఒక గొప్పింటి పేరే.

వంశం లేనిదే కథ రక్తికట్టదనేవాళ్లకు ఒక సంగతి. అదే 2017లో, మార్చి 31న, 'పూర్ణ' అనే హిందీ సినిమా వచ్చింది. దర్శకుడు రాహుల్ బోస్. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామపు గిరిజన కుటుంబంలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. మనలాంటి సంక్షేమ గురుకులం పిల్లే. ఆమెతోపాటు ఖమ్మం జిల్లా విద్యార్థి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఆమె ఎవరి వారసురాలని ఆ మంచు కొండ అడగలేదు. నెల తిరక్కుండా 'బాహుబలి 2' వచ్చింది. దాని మీద మనం ఇన్నేళ్లు వాదించుకున్నాం, 'పూర్ణ' మీద ఒక్క రాత్రి కూడా వాదించుకోలేదు. మన గదిలో దాన్ని చూసినవాళ్లు ఇద్దరే.

ఇందాక జూదగృహాల భాగం కోయవద్దన్నాను కదా. అక్కడ ధనవంతుల పందెపు జంతువులకు సేవ చేసే బానిస పిల్లలు కనిపిస్తారు. సినిమా చిట్టచివర మళ్లీ ఆ కొట్టంలోకే వస్తుంది. యజమాని అరుపుకు బయటికొచ్చిన పిల్లవాడు చీపురు కోసం చెయ్యి చాపుతాడు. చీపురు దానంతటదే వచ్చి అతని చేతిలో పడుతుంది. ఆ పిల్లవాడు కాసేపు ఊడ్చి, చీపురు కత్తిలా పట్టుకుని ఆకాశం వైపు చూస్తాడు. అతని పేరేమిటో, ఎవరి కొడుకో సినిమా చెప్పదు. తరువాతి సినిమాలో అతను కనిపించడు కూడా. వరండా ఊడ్చే వంతు వచ్చినప్పుడల్లా మన చిన్న తరగతుల పిల్లలు చీపురుకు దూరంగా నిలబడి చెయ్యి చాపుతున్నారని వాచ్‌మన్ తాత ఫిర్యాదు చేశాడు. దానికి కారణం ఇదే, సార్‌కు చెప్పకండి.

రే పాత్రతో మరో సినిమా తీస్తామని 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు. 'కల్కి'కి రెండో భాగం ఉందని సినిమా చివరే చెప్పారు. కాబట్టి మన గదుల్లో వాదనకు కొదవ ఉండదు. నేను రాసినదాన్ని ఒప్పుకోనివాళ్లు, ముఖ్యంగా రాజుగారి కొడుకే కావాలన్న ఆ ఎనిమిదో తరగతి తమ్ముడు, వచ్చే సంచికకు జవాబు రాయాలి. పేజీలు ఇప్పించే పూచీ నాది. అక్షరదోషాలు మాత్రం తెలుగు సార్ దిద్దుతారు.